ఫ్రిజ్‌లో బీరు చూసి ఫ్యాన్ ఎవరో చెప్పే రోజులు: మాంట్రియల్, క్యూబెక్ హాకీ కథ

ఈరోజు ఎపిసోడ్‌లో ఐస్ హాకీ గురించి మాట్లాడుకుందాం. ఆట తెలియకపోయినా పర్లేదు, ఎందుకంటే ఈ కథ ఆట కంటే ఫ్యాన్స్ గురించి ఎక్కువ. ఒకే భాష మాట్లాడే జనం, ఒకే నది ఒడ్డున రెండు ఊళ్లు, మధ్యలో సుమారు 250 కిలోమీటర్ల దూరం. 16 ఏళ్ల పాటు ఆ రెండు ఊళ్లూ ఒకదాన్నొకటి చూస్తే మండిపడ్డాయి. తర్వాత ఒకరోజు అందులో ఒక టీమ్ లేకుండానే పోయింది. ఎలా పోయింది, పోయాక ఏం మిగిలింది అన్నదే ఇవాళ మన టాపిక్.

ముందు రెండు నిమిషాలు ఆట గురించి. హాకీ అంటే మనకు మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. కెనడాలో హాకీ అంటే మంచు గడ్డ మీద ఆడే ఆటే. కాళ్లకు స్కేట్లు, బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల. ఒక్కో జట్టుకు గోలీ కాక ఐదుగురు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, మొత్తం 60 నిమిషాలు. అన్నిటికంటే పెద్ద లీగ్ పేరు ఎన్‌హెచ్‌ఎల్. సీజన్ అయ్యాక ప్లేఆఫ్స్ ఉంటాయి. అందులో మామూలుగా ఏడు మ్యాచ్‌ల సిరీస్, ఎవరు ముందు నాలుగు గెలిస్తే వాళ్లు తర్వాతి రౌండ్‌కు వెళ్తారు. చివరిదాకా నిలబడ్డవాళ్లకు స్టాన్లీ కప్.

ప్లేఆఫ్స్‌లో ఒక ప్రత్యేకత ఉంది. అదే ప్రత్యర్థితో రెండు వారాల్లో ఆరేడు సార్లు ఆడాలి. మొదటి మ్యాచ్‌లో తగిలిన దెబ్బకు రెండో మ్యాచ్‌లో సమాధానం, దానికి మూడో మ్యాచ్‌లో వడ్డీ. ఫ్యాన్స్ పరిస్థితీ అంతే. కోపం చల్లారే లోపే మళ్లీ మ్యాచ్ వచ్చేస్తుంది.

ఇప్పుడు ఊళ్లకు వద్దాం. కెనడాలో క్యూబెక్ అనే ప్రావిన్స్ ఉంది, మన రాష్ట్రం లాంటిది. అక్కడ ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచ్. అందులో పెద్ద నగరం మాంట్రియల్. రాజధాని మాత్రం క్యూబెక్ సిటీ, ఇంకా పాత ఊరు, 1608లో మొదలైంది. రెండూ సెయింట్ లారెన్స్ నది ఒడ్డునే ఉన్నాయి. ఒకటి డబ్బున్న మహానగరం, రెండోది చరిత్ర ఉన్న చిన్న రాజధాని. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

మాంట్రియల్ టీమ్ పేరు కెనడియన్స్. 1909లో పుట్టింది. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకు అది ఒట్టి హాకీ టీమ్ కాదండీ. జనాభాలో వాళ్లే ఎక్కువ అయినా, ఆ రోజుల్లో పెద్ద కంపెనీల్లో, పెద్ద పదవుల్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లదే పైచేయి. మంచు మీద మాత్రం మోరిస్ రిషార్ అనే ఫ్రెంచ్ కుర్రాడు అందరినీ దాటి వెళ్లేవాడు. 1944-45 సీజన్‌లో 50 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఎవరూ కొట్టలేదు.

1955 మార్చిలో బోస్టన్‌తో మ్యాచ్‌లో గొడవ జరిగి, రిషార్ ఒక లైన్స్‌మన్‌ను కొట్టాడు. లీగ్ ప్రెసిడెంట్ క్లారెన్స్ క్యాంప్‌బెల్ అతన్ని మిగిలిన సీజన్‌తో పాటు ప్లేఆఫ్స్ మొత్తానికీ సస్పెండ్ చేశాడు. తప్పు రిషార్‌దే, అందులో డౌట్ లేదు. కానీ ఫ్యాన్స్ కళ్లకు కనిపించింది వేరు: ఇంగ్లిష్ పెద్దమనిషి మన ఫ్రెంచ్ కుర్రాణ్ని తొక్కేస్తున్నాడు. మార్చి 17న మాంట్రియల్ ఫోరమ్‌లో మ్యాచ్. క్యాంప్‌బెల్ వచ్చి స్టాండ్స్‌లో కూర్చున్నాడు. జనం గుడ్లు, టమాటాలు విసిరారు. ఎవరో టియర్ గ్యాస్ బాంబు పేల్చారు. మ్యాచ్ ఆగిపోయింది. జనం వీధుల్లోకి వచ్చి సెయింట్ కేథరీన్ స్ట్రీట్‌లో షాపుల అద్దాలు పగలగొట్టారు. మర్నాడు రిషారే రేడియోలో మాట్లాడి, శాంతంగా ఉండండి అని జనాన్ని బతిమాలాల్సి వచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజుల్లో క్యూబెక్ సిటీ జనానికి కూడా ఎన్‌హెచ్‌ఎల్‌లో మనవాళ్లు అంటే కెనడియన్సే. రిషార్ మాంట్రియల్ వాళ్లకు ఎంత దేవుడో, వీళ్లకూ అంతే. అంటే ఈ రెండు ఊళ్ల ఫ్యాన్స్ పుట్టుకతో శత్రువులు కారు. ఒకే దేవుడికి మొక్కినవాళ్లు.

మరి పగ ఎక్కడ మొదలైంది?

1972లో ఎన్‌హెచ్‌ఎల్‌కు పోటీగా డబ్ల్యూహెచ్‌ఏ అని కొత్త లీగ్ పెట్టారు. అందులో క్యూబెక్ సిటీకి ఒక టీమ్ దక్కింది. పేరు నోర్డీక్స్, అంటే ఉత్తరాది వాళ్లు అని అర్థం. మొదటి కోచ్ ఎవరో తెలుసా? మోరిస్ రిషారే. కాకపోతే రెండే రెండు మ్యాచ్‌లు చేసి, నా వల్ల కాదని తప్పుకున్నాడు.

కొన్నేళ్లకు ఆ లీగ్ కుదేలైంది. అందులోని నాలుగు టీమ్‌లను ఎన్‌హెచ్‌ఎల్‌లో కలుపుకుందామా వద్దా అని 1979 మార్చిలో ఓటింగ్ పెట్టారు. నోర్డీక్స్ ఆ నాలుగింటిలో ఒకటి. 17 టీమ్‌ల్లో 13 ఓట్లు కావాలి. వచ్చినవి 12. ఒక్క ఓటుతో పోయింది. వద్దన్న ఐదుగురిలో మాంట్రియల్ కెనడియన్స్ కూడా ఉంది.

అప్పుడు కెనడియన్స్ ఓనర్ మోల్సన్. కెనడాలో పేరున్న బీర్ కంపెనీ. క్యూబెక్ సిటీలోనే కాదు, ఇదే ఓటుతో నష్టపోయిన ఎడ్మంటన్, విన్నిపెగ్‌లలో కూడా జనం మోల్సన్ బీరు మానేశారు. ఇవాళ మనం బాయ్‌కాట్ అని హ్యాష్‌ట్యాగ్ పెడతాం కదా, వాళ్లు షాపులో సీసా ముట్టుకోకుండా పెట్టారు. రెండు వారాల్లో మళ్లీ ఓటింగ్ జరిగింది. ఈసారి మాంట్రియల్ మాట మార్చింది. 14-3తో పాసైంది. లీగ్ నిర్ణయాన్ని ఫ్యాన్స్ తిప్పికొట్టిన అరుదైన సందర్భం ఇది.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. నోర్డీక్స్ ఓనర్ కూడా బీర్ కంపెనీయే! కార్లింగ్ ఓకీఫ్, మోల్సన్‌కు మార్కెట్‌లో బద్ధ ప్రత్యర్థి. ఇంకేముంది, ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే చాలు, ఆ ఇల్లు ఎవరి వైపో తెలిసిపోయేది. టీమ్ మీద ప్రేమను సీసాల్లో పోసి అమ్మేశారన్నమాట.

దానికి తోడు రాజకీయం. 1976లో క్యూబెక్‌ను కెనడా నుంచి వేరే దేశం చేయాలనే పార్టీ అక్కడ అధికారంలోకి వచ్చింది. 1980 మేలో రెఫరెండం పెట్టారు. సుమారు 60 శాతం మంది వద్దన్నారు. ఊరంతా, ఇళ్లంతా రెండుగా చీలి వాదించుకుంటున్న టైమ్ అది. నోర్డీక్స్ జెర్సీ చూస్తే నీలం రంగు, కింద తెల్లటి లిల్లీ పువ్వు గుర్తులు, అచ్చం క్యూబెక్ జెండా. ఇక కెనడియన్స్ అయితే పేరులోనే కెనడా ఉంది. అందుకని నోర్డీక్స్ అంటే విడిపోదామనేవాళ్ల టీమ్, కెనడియన్స్ అంటే కలిసుందామనేవాళ్ల టీమ్ అని ఒక ముద్ర పడిపోయింది. ఫ్యాన్స్ అందరూ ఆ లెక్కలోనే ఉన్నారని కాదు. కానీ ముద్ర పడ్డాక దాన్ని చెరపడం ఎవరి తరం?

నా దృష్టిలో అసలు కారణం ఇంకొకటి ఉంది. 1979 నాటికి కెనడియన్స్ వరసగా నాలుగు స్టాన్లీ కప్‌లు గెలిచి ఉంది, మొత్తం 22. క్యూబెక్ సిటీకి అప్పటిదాకా దక్కింది చప్పట్లు కొట్టే పని. ఇన్నాళ్లూ అన్న గెలిస్తే సంబరపడిన తమ్ముడు, ఇప్పుడు నన్ను కూడా ఒకసారి చూడండి అన్నాడు. పెద్దన్నకు అది నచ్చలేదు. అన్నదమ్ముల గొడవలు పరాయివాళ్ల గొడవల కంటే ఎందుకు ఘాటుగా ఉంటాయో మన ఇళ్లల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

1982 ప్లేఆఫ్స్‌లో మొదటిసారి ఎదురుపడ్డారు. అప్పట్లో మొదటి రౌండ్ ఐదు మ్యాచ్‌లే. 2-2 అయ్యాక చివరిది మాంట్రియల్ ఫోరమ్‌లో. టై అయి ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. మొదలైన 22 సెకన్లకే నోర్డీక్స్ ఆటగాడు డేల్ హంటర్ గోల్ కొట్టేశాడు. తమ్ముడు అన్న ఇంటికొచ్చి, అన్న సొంత ఫ్యాన్స్ ముందే అన్నను ఓడించాడు.

ఆ తర్వాత వచ్చిందే 1984 ఏప్రిల్ 20. ఆ రోజు గుడ్ ఫ్రైడే. మళ్లీ ఫోరమ్‌లోనే, సిరీస్‌లో ఆరో మ్యాచ్. మాంట్రియల్ 3-2 ఆధిక్యంలో ఉంది. రెండో పీరియడ్ ముగిసే సమయానికి నోర్డీక్స్ ఒక గోల్ ముందు. సైరన్ మోగగానే రెండు జట్లూ కలబడ్డాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇద్దరు కొట్టుకోవడం కొత్త కాదు, దానికి ఐదు నిమిషాల పెనాల్టీ వేసి కూర్చోబెడతారు. ఇది అలాంటిది కాదు. బెంచ్‌లు ఖాళీ అయిపోయాయి. నోర్డీక్స్ ఆటగాడు లూయీ స్లైగర్ కొట్టిన ఒక్క గుద్దుకు మాంట్రియల్ ఆటగాడు జాన్ అమెల్ స్పృహ తప్పి మంచు మీద పడిపోయాడు. క్యూబెక్ స్టార్ పీటర్ స్టాస్నీ ముక్కు పగిలింది, కొట్టింది మారియో ట్రాంబ్లే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

పైగా ఆ మంచు మీద ఇద్దరు సొంత అన్నదమ్ములున్నారు. డేల్ హంటర్ క్యూబెక్ వైపు, తమ్ముడు మార్క్ హంటర్ మాంట్రియల్ వైపు. ఊళ్ల సంగతి చెప్పడానికి నేను వాడిన పోలిక అక్కడ నిజంగానే నిలబడి ఉంది.

బ్రేక్ ఇచ్చారు, చల్లబడతారనుకున్నారు. మూడో పీరియడ్‌కు రెండు జట్లూ మంచు మీదకు వచ్చాక ఎవరెవరిని మ్యాచ్ నుంచి పంపించేశారో మైకులో చదవడం మొదలుపెట్టారు. ఆ పేర్లున్నవాళ్లు కూడా అక్కడే ఉన్నారు! ఎలాగూ పంపించేశారు, ఇక పోయేదేముంది? రెండో రౌండ్ మొదలైంది. చివరికి లెక్క తేలింది: మొత్తం పెనాల్టీలు 252 నిమిషాలు. మ్యాచే 60 నిమిషాలండీ.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. నోర్డీక్స్ ఇంకో గోల్ కొట్టి 2-0 చేసింది. అక్కణ్నుంచి మాంట్రియల్ వరసగా ఐదు గోల్స్ కొట్టి 5-3తో గెలిచింది, సిరీస్ కూడా గెలిచింది. జనం ఈ మ్యాచ్‌ను గుడ్ ఫ్రైడే ఊచకోత అని పిలుస్తారు. కానీ అంత కొట్టుకుని గెలిచిన మాంట్రియల్ తర్వాతి రౌండ్‌లోనే ఇంటికెళ్లిపోయింది. ఆ ఏడాది కప్ ఎడ్మంటన్‌ది.

1985లో లెక్క సరిచేశారు. ఏడో మ్యాచ్, ఫోరమ్, మళ్లీ ఓవర్‌టైమ్. గోల్ కొట్టింది ఎవరు? ముక్కు పగిలిన పీటర్ స్టాస్నీ. ఈయన కథ వేరే ఎపిసోడ్‌కు సరిపోతుంది. 1980లో కమ్యూనిస్టు చెకోస్లొవేకియా నుంచి తమ్ముడు ఆంటన్‌తో కలిసి ఆస్ట్రియా మీదుగా పారిపోయి క్యూబెక్ సిటీకి వచ్చాడు. ఫ్రెంచ్ ఊరు ఒక స్లోవాక్ మనిషిని గుండెల్లో పెట్టుకుంది. ప్రత్యర్థి మీద ద్వేషం ఎంత ఉన్నా, అభిమానానికి భాష అడ్డు రాదన్నమాట.

1987లో మళ్లీ సిరీస్. 2-2. ఐదో మ్యాచ్‌లో కూడా స్కోరు 2-2. చివరి నిమిషాల్లో క్యూబెక్ ఆటగాడు అలాన్ కోటే గోల్ కొట్టాడు. ఎగిరి గంతేసేలోపే రిఫరీ కెరీ ఫ్రేజర్ చెల్లదన్నాడు. కోటే తోటి ఆటగాడు మాంట్రియల్ గోలీకి అడ్డం పడ్డాడని కారణం. కాసేపటికి మాంట్రియల్ గోల్ కొట్టి మ్యాచ్ గెలిచింది, ఏడో మ్యాచ్‌లో సిరీస్ కూడా. క్యూబెక్ సిటీలో ఒక పెద్దాయన పక్కన కూర్చుని "కోటే గోల్" అని చూడండి. నలభై ఏళ్ల నాటి పంచాయితీ మొదటి నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు నేను ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం చెప్తాను.

1988లో కార్లింగ్ ఓకీఫ్ నోర్డీక్స్‌ను అమ్మేసింది. 1989లో ఏం జరిగిందో తెలుసా? మోల్సన్, కార్లింగ్ ఓకీఫ్ కలిసిపోయాయి. ఒకే కంపెనీ! ఏ సీసా కొన్నావని పక్కింటివాణ్ని చులకనగా చూసిన జనం ఉన్నారు. ఇప్పుడు రెండు సీసాల డబ్బూ ఒకే గల్లాపెట్టెలో పడుతోంది. ఫ్యాన్స్‌కు అది ఆత్మగౌరవం. పైన కూర్చున్నవాళ్లకు అది వ్యాపారం, లెక్క కుదిరినప్పుడు చేతులు కలిపేశారు. మన దగ్గర హీరోల కోసం కామెంట్లలో బూతులు తిట్టుకునే తమ్ముళ్లు ఒక్కసారి ఈ 1989 సంగతి ఆలోచించాలి.

1993లో చివరిసారి ప్లేఆఫ్స్‌లో కలిశారు. మొదటి రెండూ క్యూబెక్ గెలిచింది, మొదటిది ఓవర్‌టైమ్‌లో. తర్వాతి నాలుగూ మాంట్రియల్. విశేషం ఏంటంటే, ఆ మొదటి ఓటమి తర్వాత మాంట్రియల్ ఆ ప్లేఆఫ్స్‌లో ఇంకో పది ఓవర్‌టైమ్‌లు ఆడి పదీ గెలిచింది, 24వ కప్ ఎత్తింది. పక్క ఊరివాడి దెబ్బ అంత పదును పెట్టింది మరి.

ఆ తర్వాత మంచు మీద ఎవరూ ఓడించకుండానే నోర్డీక్స్ కథ ముగిసింది. ఆటగాళ్ల జీతాలు అమెరికా డాలర్లలో, టికెట్ల ఆదాయం కెనడా డాలర్లలో. కెనడా డాలరు విలువ పడిపోయింది. ఊరు చిన్నది. కొలిజే అనే స్టేడియం 1949 నాటిది, డబ్బున్నవాళ్లు కొనే లగ్జరీ బాక్సులకు చోటు లేదు. ప్రభుత్వం నుంచి అడిగినంత సాయం దొరకలేదు. 1995 మేలో టీమ్‌ను అమెరికా కంపెనీకి 75 మిలియన్ డాలర్లకు అమ్మేశారు. డెన్వర్‌కు వెళ్లి కొలరాడో అవలాంచ్ అని పేరు మార్చుకుంది.

అసలు బాధ ఇప్పుడు మొదలవుతుంది. 1995 డిసెంబర్ 2న మాంట్రియల్ 1-11తో డెట్రాయిట్ చేతిలో ఘోరంగా ఓడింది. గోలీ పాట్రిక్ రువా, 1993 కప్ హీరో. తొమ్మిది గోల్స్ పడేదాకా కోచ్ అతన్ని బయటికి తీయలేదు. ఆ కోచ్ ఎవరు? మారియో ట్రాంబ్లే! రువా అక్కడికక్కడే, ఇక నేను ఈ టీమ్‌కు ఆడను అని తేల్చేశాడు. నాలుగు రోజుల్లో అతన్ని ట్రేడ్ చేశారు. ఎక్కడికి? కొలరాడోకి. నోర్డీక్స్ ఇంకా క్యూబెక్ సిటీలోనే ఉండుంటే మాంట్రియల్ తన గోలీని చచ్చినా ఇచ్చేది కాదు. 1996 జూన్‌లో కొలరాడో స్టాన్లీ కప్ గెలిచింది. క్యూబెక్ సిటీ పెంచిన టీమ్, మాంట్రియల్ పెంచిన గోలీ, సంబరం మాత్రం వేల కిలోమీటర్ల దూరంలో డెన్వర్‌లో. రెండు ఊళ్లూ టీవీలో చూశాయి.

తర్వాత మాంట్రియల్ ఫ్యాన్స్ హాయిగా ఉన్నారా? పోటీ పోయింది, ప్రావిన్స్ మొత్తం వాళ్లదే. కానీ 1993 తర్వాత 30 ఏళ్లు దాటినా ఇంకో కప్ రాలేదు. టీమ్ పోవడం వల్లే రాలేదని నేను అనను, కారణాలు చాలా ఉన్నాయి. కాకపోతే, 250 కిలోమీటర్ల దూరంలో ఒకడు ఎప్పుడు ఓడతావా అని కాచుకుని కూర్చుంటే ఆ ఒత్తిడి వేరు.

క్యూబెక్ సిటీ మాత్రం ఆశ వదల్లేదు. 2010 డిసెంబర్‌లో వెయ్యి మందికి పైగా నోర్డీక్స్ జెర్సీలు వేసుకుని బస్సుల్లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ వెళ్లి, ఎవరిదో మ్యాచ్‌లో కూర్చుని లేని టీమ్ కోసం అరిచొచ్చారు. 2015లో 18 వేల మంది పట్టే కొత్త స్టేడియం కట్టారు. 2016లో లీగ్ కొత్త టీమ్‌ను లాస్ వేగస్‌కు ఇచ్చింది, వీళ్లకు ఆగమంది. మంచు ఉంది, కుర్చీలున్నాయి, జనం ఉన్నారు. టీమ్ లేదు.

ఫ్యాన్ గొడవల చరిత్రలో ఎవరు ఎవరిని ఎన్నిసార్లు ఓడించారన్న లెక్కే ఎక్కువ దొరుకుతుంది. ఈ కథలో ప్లేఆఫ్ సిరీస్‌ల లెక్క ఐదు: మాంట్రియల్ మూడు, క్యూబెక్ రెండు. ఆ లెక్క 1993లోనే ఆగిపోయింది. దాన్ని సరిచేసే అవకాశం కోసం క్యూబెక్ సిటీ ఎదురుచూస్తోంది. నిజం చెప్పాలంటే, ఆ పాత కోపాన్ని మళ్లీ ఒక్కసారి రుచి చూడాలని మాంట్రియల్‌లోనూ చాలామందికి ఉంది. ఓడించాలనుకున్నవాడు అసలు లేకుండా పోవాలని వాళ్లెవరూ కోరుకోలేదు. ఆ నిర్ణయం స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు తీసుకున్నది కాదు.

మీ ఫేవరెట్ టీమ్‌కో, హీరోకో బద్ధ శత్రువు అనుకునేవాళ్లు రేపటినుంచి లేకపోతే మీకు ఏం మిగులుతుంది? ఆలోచించి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో పీటర్ స్టాస్నీ దేశం దాటిన కథతో కలుద్దాం. ఉంటానండీ.